కరకంబాడి ప్లాటు పక్కన మ్యాపులో ఫాల్ట్ గీత ఉంది, ఇల్లు కట్టొచ్చా? పాత భూకంపాల సంగతి ఎలా తెలుస్తుంది?

కపిలతీర్థం | ఆదివారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. కరకంబాడి రోడ్డులో 30 అంకణాల ప్లాటు తీసుకున్నాం, వచ్చే నెలలో ముగ్గు పోసి పని మొదలుపెడదామని అనుకుంటున్నాం. ఈలోపు మా బావమరిది ఎవరో పంపిన భూగర్భ మ్యాపు ఒకటి ఫోన్‌లో చూపించి, కొండ వారగా పోతున్న నల్లగీత ఫాల్ట్ అనీ, మన ప్లాటు దానికి దగ్గరే అనీ చెప్పాడు. అప్పటినుంచి ఇంట్లో ఒకటే టెన్షన్. మా అమ్మయితే ప్లాటు అమ్మేసి వేరేచోట చూసుకోమంటోంది.

ఘాట్ రోడ్డులో రాయి రంగు మారే చోట బోర్డు పెట్టారు కదా, అదీ ఫాల్టేనా? గీత ఉన్నంత మాత్రాన భూకంపం వస్తుందా? వేల ఏళ్ళ కిందట వచ్చిన భూకంపం సంగతి ఇప్పుడెలా తెలుస్తుంది, ఫలానా ఫాల్ట్ ఏడాదికి ఇన్ని మిల్లీమీటర్లు జరుగుతోందని ఎలా కొలుస్తారు? తెలిసినవాళ్ళు ఓపిగ్గా చెప్పండి.

నీవానది | ఆదివారం, రాత్రి 9:40

నాకూ ఇదే సందేహం. మాది చిత్తూరు, అత్తగారి ఊరు పలమనేరు అవతల. 2021 నవంబరులో ఆ పెద్ద వానల తర్వాత నేల లోపలినుంచి డబ్ డబ్ మని చప్పుళ్ళు వచ్చి, ఊరంతా రాత్రి బయటే కూర్చున్నారు. అది కూడా ఫాల్ట్ వల్లేనా?

రాళ్ళసంచి | ఆదివారం, రాత్రి 11:05

కపిలతీర్థం గారూ, ముందు ఘాట్ రోడ్డు సంగతి చెప్తాను, ఎందుకంటే ఎస్వీ యూనివర్సిటీలో జియాలజీ చదివేటప్పుడు మాకు మొదట చూపించింది అదే. ఆ బోర్డు ఉన్నచోట కింద గ్రానైటు, దాని వయసు 250 కోట్ల ఏళ్ళకు పైమాటే. దాని మీద పొరలు పొరలుగా కూర్చున్నది నగరి క్వార్ట్‌జైటు, శిలాతోరణంలో ఉన్నదీ అదే జాతి రాయి. ఈ రెండింటి మధ్య సుమారు 80 కోట్ల ఏళ్ళ చరిత్ర లేదు. గ్రానైటు కొండలు అరిగి చదునైపోయాయి, ఆ చదును మీద చాలాకాలం తర్వాత ఇసుక పేరుకుని గట్టిపడింది. దాన్ని ఎపార్కియన్ అన్‌కన్‌ఫర్మిటీ అంటారు, జాతీయ భూగర్భ స్మారకంగా గుర్తించారు. అక్కడ ఒక రాయి ఇంకో రాయి మీద జారలేదు, కాబట్టి అది ఫాల్ట్ కాదు.

ఇక మీ మ్యాపులో గీత. ఫాల్ట్ అంటే రాతిలో ఒక పగులు వెంబడి ఇటుపక్క అటుపక్క ఒకదానికొకటి జరగడం. మన వైపు మ్యాపుల్లో అలాంటి గీతలు బోలెడు ఉంటాయి. కడప బేసిన్ (పాతకాలంలో ఇసుక, మట్టి పేరుకుని రాయిగా మారిన పల్లపు ప్రాంతం) అంచు వెంబడి కొండలు మడత పడి, ఒకదాని మీదికి ఒకటి ఎక్కిన కాలంలో పుట్టినవి చాలా ఉన్నాయి. అదంతా కోట్ల కోట్ల ఏళ్ళ కిందటి మాట. మ్యాపు గీసినవాళ్ళు ఇక్కడ రాయి జరిగింది అని మాత్రమే రాశారు, ఎప్పుడు జరిగిందో ఆ గీత చెప్పదు.

మీరు అడగాల్సింది ఆ ఫాల్ట్ ఈమధ్య జరిగిందా అని. ఈమధ్య అంటే మనుషుల లెక్కలో ఈమధ్య కాదు. ఉదాహరణకు కాలిఫోర్నియాలో 1971 శాన్ ఫెర్నాండో భూకంపం తర్వాత 1972లో ఒక చట్టం తెచ్చారు. గత 11,700 ఏళ్ళలో నేలను తెంపిన ఫాల్టుని యాక్టివ్‌గా లెక్కేసి, దాని మీద మనుషులుండే ఇళ్ళు కట్టనివ్వరు, మామూలుగా 50 అడుగులు వదలమంటారు. 11,700 ఏళ్ళంటే చివరి మంచుయుగం అయిపోయినప్పటినుంచి ఇప్పటిదాకా.

నీవానది గారూ, వానల తర్వాత వచ్చే చప్పుళ్ళ గురించి రేపు రాస్తాను, అది వేరే కథ.

మామిడితోట | సోమవారం, ఉదయం 6:50

11 వేల ఏళ్ళలో జరిగిందో లేదో ఎలా చెప్తారు సార్? రాళ్ళ మీద తేదీ రాసి ఉండదు కదా. మా తాత చెప్పిన సంగతులే మూడు తరాలకి మారిపోతాయి.

తరాయి | సోమవారం, మధ్యాహ్నం 1:20

మామిడితోట అన్నా, ఇది నేను చేసిన పని కాబట్టి వివరంగా రాస్తాను. మాది చంద్రగిరి, ఒక ప్రాజెక్టులో ఉత్తరాఖండ్ కొండల అడుగున కందకం తవ్వే బృందంతో ఉన్నాను.

ముందు ఉపగ్రహ చిత్రాలు, లైడార్ (పైనుంచి లేజరు కిరణాలతో నేల ఎత్తుపల్లాలు కొలిచే పద్ధతి) చూసి, చదునైన నేలలో అడ్డంగా మెట్టులాగా లేచిన చోటు వెతుకుతారు. వాగు మేట వేసిన నేలలో ఊరికే రెండు మూడు మీటర్ల మెట్టు రాదు. అది వాగు కోతా, రైతు వేసుకున్న గట్టా, కాలువ పనా అని ముందు తేల్చుకోవాలి, చాలా చోట్లు ఈ దశలోనే కొట్టేస్తారు. మిగిలిన చోట మెట్టుకి అడ్డంగా జేసీబీతో కందకం తవ్వుతారు. లోతు మూడు నాలుగు మీటర్లు. గోడ కూలకుండా మెట్లు మెట్లుగా కోస్తారు లేదా దన్నులు పెడతారు. తర్వాతే అసలు పని. జేసీబీ పళ్ళ గీతలన్నీ పోయేదాకా తాపీతో, కత్తితో గోడను గీకాలి, ఒక్కో గోడకి రోజులు పడుతుంది. మీటరుకి ఒకటి చొప్పున మేకులు కొట్టి పురికొసతో గళ్ళు కట్టి, ఒక్కో పొర అంచు వెంబడి రంగు జెండాల సూదులు గుచ్చుకుంటూ పోతాం. పసుపు జెండాలన్నీ గులకరాళ్ళ పొర, నీలం జెండాలన్నీ ఒండ్రు పొర, అలా. గళ్ళ ప్రకారం గ్రాఫు కాగితం మీద గోడ మొత్తం గీస్తారు.

అలా గుచ్చుకుంటూ పోతుంటే ఒకచోట నీలం జెండాల వరుస తెగిపోతుంది. అటుపక్క అదే పొర మీటరున్నర పైన కనపడుతుంది. మధ్యలో గులకరాళ్ళు ఏటవాలుగా నిలబడి ఉంటాయి, మామూలుగా నీళ్ళు తెచ్చిన గులకరాయి పడుకుని ఉంటుంది. ఇంకా పైకి వెళ్తే ఆ తెగిన గీత ఆగిపోయి, దాని మీద ఒక పొర ఏమాత్రం తెగకుండా సాఫీగా పరుచుకుని ఉంటుంది. ఇక్కడే ఉంది విషయమంతా. తెగిన పొరల్లో అన్నిటికన్నా పైది భూకంపానికి ముందుది, తెగని పొర తర్వాతది. రెండింటి వయసు తెలిస్తే భూకంపం ఆ మధ్యలో వచ్చింది.

వయసుకి రెండు దారులు. పొరలో బొగ్గు ముక్క దొరికితే, అందులో కాలంతో పాటు తరిగిపోయే కార్బన్ 14 ఎంత మిగిలిందో కొలుస్తారు. దాని సగం ఆయువు 5,730 ఏళ్ళు, అంటే అన్నేళ్ళకి సగం తరిగిపోతుంది, సుమారు 50 వేల ఏళ్ళ దాకా పనికొస్తుంది. బొగ్గుతో జాగ్రత్త కావాలి, పైన ఎక్కడో ఎప్పుడో కాలిన చెట్టు ముక్క తర్వాత వరదలో కొట్టుకొచ్చి ఉండొచ్చు, అప్పుడు పొర కన్నా బొగ్గు ముసలిది అవుతుంది. అందుకే ఒకే ముక్కని నమ్మరు. రెండోది లూమినెసెన్స్. ఇసుక రేణువు మీద చివరిసారి ఎండ ఎప్పుడు పడిందో అది చెప్తుంది. స్టీలు గొట్టం గోడలోకి కొట్టి, వెలుతురు తగలకుండా రెండు చివరలూ మూసి, నల్లసంచిలో చుట్టి ల్యాబుకి పంపాలి. గొట్టం తీసేటప్పుడు మా సార్ అందరి చేతా నల్లగుడ్డ పట్టించేవారు, ఒక్క క్షణం ఎండ తగిలినా శాంపిల్ పోయినట్టే.

మామిడితోట | సోమవారం, మధ్యాహ్నం 2:02

ఇంత పని ఉంటుందని ఇప్పుడే తెలిసింది తమ్ముడూ, చాలా సంతోషం. మరి మిల్లీమీటర్ల లెక్క?

రాళ్ళసంచి | సోమవారం, రాత్రి 10:30

మిల్లీమీటర్ల లెక్క భాగహారం మాత్రమే, కష్టమంతా ఆ రెండు అంకెలు సంపాదించడంలో ఉంది. ఎంత దూరం జరిగింది, ఎన్నేళ్ళలో జరిగింది. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే స్లిప్ రేటు.

ప్రపంచమంతా పాఠంగా చెప్పుకునే చోటు కాలిఫోర్నియాలో వాలెస్ క్రీక్. శాన్ ఆండ్రియాస్ ఫాల్ట్ మీదుగా ఒక చిన్న వాగు దిగుతుంది. నేరుగా దిగాల్సిన వాగు ఫాల్ట్ దగ్గరికి రాగానే పక్కకి తిరిగి, దాని వెంబడి సుమారు 130 మీటర్లు పోయి మళ్ళీ కిందికి దిగుతుంది. వాగు తవ్వుకున్నప్పుడు నేరుగానే ఉంది, ఫాల్ట్ జరిగినకొద్దీ కింది భాగం పక్కకి పోయింది. ఆ పాయ వయసు బొగ్గుతో చూస్తే సుమారు 3,700 ఏళ్ళు. 130 మీటర్లంటే 1,30,000 మిల్లీమీటర్లు, 3,700తో భాగించండి, ఏడాదికి 35 దగ్గర వస్తుంది. అక్కడే ఇంకో పాత పాయ వదిలేసిన జాడ 475 మీటర్ల దూరంలో ఉంది, దాని కాలం 13 వేల ఏళ్ళ పైచిలుకు, దాన్ని భాగించినా దాదాపు అంతే వస్తుంది. కెర్రీ సీ, రిచర్డ్ జాన్స్ అనే శాస్త్రవేత్తలు 1984లో అచ్చేసిన లెక్క 34 మిల్లీమీటర్లు. వేర్వేరు కాలాల లెక్కలు ఒకే అంకెకి రావడం వల్లే ఆ చోటంటే అంత నమ్మకం.

ఇది రోజూ కొంచెం కొంచెం పాకడం అనుకోకండి. చాలా ఫాల్టులు పైన బిగుసుకుపోయి ఉంటాయి, వెదురు బద్దని రెండు చేతులతో వంచినట్టు చుట్టుపక్కల నేల వంగుతూ వస్తుంది, ఒకరోజు తట్టుకోలేక ఒక్కసారిగా జరుగుతుంది. అక్కడ చివరిసారి 1857లో, 7.9 తీవ్రతతో. అప్పటినుంచి ఏడాదికి 34 చొప్పున వేస్తే ఇప్పటికి 5.5 మీటర్లకు పైనే బాకీ పేరుకుని ఉంది.

మన హిమాలయాల అడుగున ఏడాదికి 20 మిల్లీమీటర్ల లెక్క. నేపాల్లో సిర్ ఖోలా దగ్గర వాగు గట్టు గీకి చూస్తే 1255లో ఒకసారి, 1934లో ఒకసారి నేల తెగిన ఆనవాళ్ళు దొరికాయి. 1255 భూకంపంలో కాఠ్మండు రాజు అభయ మల్లుడు చనిపోయాడని రాతల్లో ఉంది. 1934లో నేల పైదాకా తెగలేదనే చాలాకాలం అనుకున్నారు, 2013లో ఆ పరిశోధన వచ్చాకే తెగిందని తేలింది. పుస్తకం చెప్పిన సంవత్సరం, మట్టి చెప్పిన సంవత్సరం ఒకచోట కలవడం నాకెప్పుడు తలుచుకున్నా గొప్పగా అనిపిస్తుంది.

సైటుమనిషి | సోమవారం, రాత్రి 11:15

అయితే ఒకసారికి ఎంత జరుగుతుందో తెలుసు, ఏడాదికెంతో తెలుసు. మళ్ళీ ఎప్పుడు వస్తుందో చెప్పేయొచ్చు కదా?

తరాయి | మంగళవారం, ఉదయం 8:10

సగటు చెప్పొచ్చు, తేదీ కుదరదు. అదే శాన్ ఆండ్రియాస్ మీద పాలెట్ క్రీక్ అనే చోట బురద, పీటు (సగం కుళ్ళిన మొక్కలు పేరుకున్న మట్టి) పొరల్లో పది దాకా భూకంపాలు చదివారు, సగటున 132 ఏళ్ళకొకటి. విడివిడిగా చూస్తే కొన్ని గుంపుగా వచ్చాయి, వాటి మధ్య వందేళ్ళు కూడా లేవు, ఒక గుంపుకీ ఇంకో గుంపుకీ మధ్య మాత్రం రెండు మూడు వందల ఏళ్ళ నిశ్శబ్దం. 132 అన్న అంకె పట్టుకుని పంచాంగం రాస్తే దెబ్బతింటాం. న్యూజిలాండ్ ఆల్పైన్ ఫాల్ట్ కాస్త క్రమంగా ఉంటుంది, 8 వేల ఏళ్ళలో 24 భూకంపాలు, సుమారు 330 ఏళ్ళకొకటి, చివరిది 1717లో. ఒక్కో ఫాల్ట్‌ది ఒక్కో తీరు. పైగా కొన్ని భూకంపాలు కందకానికి దొరకనే దొరకవు. 2001 గుజరాత్ భుజ్, 2015 నేపాల్ గోర్ఖా భూకంపాలు అంత పెద్దవైనా ఫాల్ట్ నేల పైదాకా తెగలేదు. అలాంటివి పొరల్లో తెగిన గీతగా మిగలవు.

నీవానది | మంగళవారం, ఉదయం 9:30

హిమాలయాలు, కాలిఫోర్నియా సరే, మన సంగతి చెప్పండి సార్. దక్కను గట్టి నేల, ఇక్కడ రాదు అని చిన్నప్పుడు బళ్ళో చెప్పేవాళ్ళు.

రాళ్ళసంచి | మంగళవారం, రాత్రి 9:50

అదే మాట లాతూరు వాళ్ళకీ చెప్పి ఉంటారు మేడం. 1993 సెప్టెంబరు 30, తెల్లవారుజాము 3:56, వినాయక నిమజ్జనం ముగించుకుని జనం పడుకున్న రాత్రి. లాతూరు జిల్లా కిల్లారి ఊళ్ళో 6.2 తీవ్రత. అప్పటి దేశ భూకంప మ్యాపులో అది అన్నిటికన్నా తక్కువ ప్రమాదమున్న జోన్ 1. చనిపోయినవాళ్ళు 8 వేల నుంచి 10 వేల మంది.

మన ద్వీపకల్పం లోపల నేల సాగుడు జీపీఎస్ కొలతల ప్రకారం ఏడాదికి ఒకటి రెండు మిల్లీమీటర్లకు మించదు, అది కూడా ఎన్నో పగుళ్ళ మీద పంచుకుపోతుంది. ఒక ఫాల్ట్ వాటాకి ఏడాదికి 0.02 మిల్లీమీటర్లు వచ్చాయనుకోండి, ఊరికే లెక్క కోసం. ఒక మీటరు బాకీ పేరుకోవడానికి 50 వేల ఏళ్ళు. కార్బన్ 14 చూపు ఆనేదే అంత దూరం. మనకు రాసిపెట్టిన చరిత్ర రెండు వేల ఏళ్ళు. ఈలోగా వానలు, నాగళ్ళు, ట్రాక్టర్లు కలిసి ఆ మెట్టుని ఎప్పుడో చదును చేసేస్తాయి. మా ఊళ్ళో ఎప్పుడూ రాలేదు అనే మాటకి ఇక్కడ బలం తక్కువ.

ఆస్ట్రేలియాలో టెనెంట్ క్రీక్ అని ఇలాంటి పాతనేలే. 1988 జనవరి 22న పన్నెండు గంటల్లో మూడు భూకంపాలు, మూడూ 6 దాటినవే, 30 కిలోమీటర్లకు పైగా నేల తెగింది. తర్వాత కందకాలు తవ్వి చూస్తే, అంతకుముందు చాలా వేల ఏళ్ళుగా అక్కడ నేల తెగిన గుర్తే లేదు. అంటే ముందే వచ్చి తవ్వినా నిద్రపోతున్న ఫాల్ట్ అనే రాసేవాళ్ళు.

అలాగని భయపడి ప్రతి గీతకీ పారిపోవడం కూడా తప్పే, ఎందుకంటే మన కొండల్లో ఆ గీతలు లేని చోటు వెతకడమే కష్టం.

చప్పుళ్ళ సంగతి. పెద్దవానలకి నీళ్ళు గ్రానైటు పగుళ్ళలోకి దిగి, లోపల ఒత్తిడి పెరిగి, అప్పటికే బిగుసుకుని ఉన్న చిన్న పగుళ్ళు కొంచెం జారతాయి. చాలా తక్కువ లోతులో జరగడం వల్ల కుదుపు కన్నా చప్పుడే ముందు తెలుస్తుంది. గుంపుగా వస్తాయి, కొన్నాళ్ళకు తగ్గిపోతాయి. 6 తీవ్రత భూకంపానికి పది కిలోమీటర్ల పొడవు పగులు తెగాలి, 7కి నలభై యాభై. ఆ చప్పుళ్ళకి తెగేది అందులో పిసరంత. అయినా ఇంటి గోడ పాతదైతే ఆ రాత్రి బయట పడుకోవడం సరైన పనే.

బడిపంతులు | బుధవారం, ఉదయం 7:15

రిటైర్డ్ హిస్టరీ టీచర్ని, శ్రీకాళహస్తి. గుళ్ళలో, కోటల్లో పగుళ్ళు చూసి పాత భూకంపాలు చెప్తారని చదివాను. మా గాలిగోపురం 2010 మే 26న కూలింది, కృష్ణదేవరాయలు 1516లో కట్టించినది. రేపు వెయ్యేళ్ళ తర్వాత ఎవరైనా తవ్వితే, 2010లో ఇక్కడ భూకంపం వచ్చిందని రాసేస్తారేమో?

తరాయి | బుధవారం, ఉదయం 10:40

మంచి ప్రశ్న మాస్టారూ. ఆ రోజు భూకంపమేమీ లేదు, గోపురానికి చాన్నాళ్ళుగా పగులు ఉంది, అదే పెద్దదైంది. అందుకే కూలినది చూడగానే భూకంపం అనకూడదని ఈ పనిలో మొదట నేర్పిస్తారు. పునాది కుంగొచ్చు, నీళ్ళు దిగొచ్చు, యుద్ధం కావచ్చు. ఒకే కాలానివి చాలా కట్టడాలు ఒకేసారి దెబ్బతిన్నాయా, పక్కనే మట్టి పొరల్లో కూడా అదే కాలంలో తెగిన గుర్తు ఉందా అని చూస్తారు.

ఫాల్ట్ సరిగ్గా కట్టడం కిందుగా పోతే మాత్రం సాక్ష్యం గట్టిగా ఉంటుంది. జోర్డాన్ నది ఒడ్డున 1178లో క్రూసేడర్లు కట్టిన అతెరెత్ కోట మృతసముద్రపు ఫాల్ట్ మీద పడింది. దాని గోడలు ఇప్పుడు 2.1 మీటర్లు పక్కకి తప్పి ఉన్నాయి. అందులో 1.6 మీటర్లు 1202 భూకంపంలో, మిగతా అర మీటరు 1759లో. కట్టిన ఏడు తెలుసు, గోడ నేరుగా కట్టారనీ తెలుసు, ఇంతకన్నా మంచి కొలబద్ద ఎవరు పెట్టగలరు?

బడిపంతులు | బుధవారం, ఉదయం 11:05

చాలా బాగా చెప్పావు నాయనా. మన శాసనాలు చదివేటప్పుడు గుడి మరమ్మతుల మాట వచ్చిన ప్రతిచోటా ఏడు రాసిపెట్టుకుంటాను ఇకనుంచి.

సైటుమనిషి | బుధవారం, రాత్రి 9:20

తిరుపతిలో సైట్లు చూసుకునే సివిల్ ఇంజనీర్ని, కపిలతీర్థం గారికి నా వైపు నుంచి. మీ డబ్బు ప్లాటు మార్చడానికి కాకుండా స్టీలు సరిగ్గా కట్టించడానికి పెట్టండి. కిల్లారిలో జనాన్ని చంపింది మట్టితో పేర్చిన లావుపాటి రాతిగోడలు, మిద్దె మీద మట్టి బరువు. మన చిత్తూరు పల్లెల్లో రాతిగోడలు, పైన బండలు పరిచిన మిద్దెలు ఇంకా ఉన్నాయి, నాకు భయం వాటి గురించే. 2001 భుజ్ భూకంపంలో అహ్మదాబాదు భూకంప కేంద్రానికి 200 కిలోమీటర్లకు పైగా దూరం, అయినా కింద పార్కింగ్‌కి వదిలేసి ఒట్టి పిల్లర్ల మీద నిలబెట్టిన అపార్ట్‌మెంట్లు కూలాయి. తిరుపతిలో ఇప్పుడు ఏ వీధి చూసినా అదే నమూనా.

మీ ఇంటికి: ప్లింత్ బీము (పునాది మీద, నేలమట్టం దగ్గర వేసేది), లింటెల్ బెల్టు (తలుపులు, కిటికీల పైన వేసేది) ఇల్లంతా తెగకుండా చుట్టూ తిరగాలి. పిల్లర్ రింగుల కొక్కేలు 135 డిగ్రీలు లోపలికి వంచాలి, మేస్త్రీలు 90కి వంచి వదిలేస్తారు, కుదుపుకి విచ్చుకునేది అక్కడే. బీము పిల్లరు కలిసే చోట రింగులు దగ్గర దగ్గరగా ఉండాలి. సెంట్రింగ్ మూసేముందు మీరే వెళ్ళి ఒక్కో రింగూ చూడండి, మొహమాటపడొద్దు.

కపిలతీర్థం | గురువారం, ఉదయం 8:45

అందరికీ చేతులెత్తి దండం. అమ్మకి మొత్తం చదివి వినిపించాను, ప్లాటు అమ్మే మాట ప్రస్తుతానికి ఆగింది. రింగుల సంగతి మేస్త్రీతో నిన్ననే మాట్లాడాను, ఒప్పుకున్నాడు. ఒక్క ప్రశ్న మిగిలింది. పునాదికి ఎలాగూ ఆరేడు అడుగులు తవ్విస్తాం కదా, ఆ గుంటలో నేను చూసి పోల్చుకోగలిగింది ఏమన్నా ఉంటుందా?

రాళ్ళసంచి | గురువారం, రాత్రి 10:10

ఉంటుంది. గుంట తవ్విన రోజే చూడండి, ఎండకి గోడ ఎండిపోతే పొరలు కనపడవు, తాపీతో ఒక అడుగు మేర గీకితే రంగులు బయటపడతాయి. కింద మెత్తబడిన గ్రానైటు, పైన కొండ మీదనుంచి కొట్టుకొచ్చిన గులకరాళ్ళు, ఎర్రమట్టి రావాలి మీ వైపు. గ్రానైటులో పగుళ్ళు కచ్చితంగా ఉంటాయి, వాటిని చూసి కంగారు పడొద్దు. ఏదైనా పగులులో రాయి పిండిలాగా నలిగి జిగటమట్టి అయి ఉంటే, దాని వెంబడి పైకి చూపు పోనివ్వండి. పైన ఉన్న గులకరాళ్ళ పొర, ఎర్రమట్టి ఆ పగులు మీదుగా తెగకుండా సాఫీగా పోతే, ఆ మట్టి పడ్డప్పటినుంచీ అక్కడ ఏమీ కదలలేదు. పై పొర కూడా అదే గీత మీద తెగి, ఒకపక్క పైకి, ఒకపక్క కిందికి ఉంటే మాత్రం కాంక్రీటు వేయకుండా ఆపి, వెంటనే ఇక్కడ రాయండి, నేనూ తరాయి ఇద్దరం వచ్చి చూస్తాం.

తరాయి | గురువారం, రాత్రి 10:25

నాలుగు గోడలూ విడివిడిగా ఫోటో తీయండి అన్నా, పక్కన కొలత టేపు నిలబెట్టి, పొద్దున నీడ పడకముందే. ఏ గోడ ఏ దిక్కో చీటీ రాసి ఫోటోలో పడేలా పెట్టండి.